నయాపూల్ మీద ఒక వాదం

మొన్న ఆదివారం సాయంత్రం నయాపూల్ మీద నిలబడి ఒక మిత్రునితో వాదానికి దిగాను. పర్యావరణం కోసం ఏళ్ళ తరబడి ధర్నాలు చేసి విసిగిపోయిన మనిషాయన. "ఎన్నాళ్ళండీ ఈ ప్లకార్డులు? సైన్యానికి మనుషులున్నారు, క్రమశిక్షణ ఉంది. వారితో చేతులు కలిపితే పదేళ్ళ పని ఏడాదిలో అవుతుంది" అన్నారు.

కొట్టిపారేయదగిన మాట కాదు. 1982లో డెహ్రాడూన్‌లో టెరిటోరియల్ ఆర్మీ కింద 127వ పర్యావరణ బెటాలియన్ ఏర్పడింది. గఢ్వాల్ ప్రాంతపు మాజీ సైనికులు అందులో చేరి, సున్నపురాయి తవ్వకాలతో బోడులైపోయిన ముస్సోరీ కొండల మీద మళ్ళీ పచ్చదనం తెచ్చారు. సైనికుడు మొక్క నాటి, ఫోటో దిగి వెళ్ళిపోడు. మేక నోట పడకుండా కాపలా కాస్తాడు. మన వనమహోత్సవాలలో లేనిది సరిగ్గా అదే.

అయితే మిత్రులారా, ఆ గనులను మూయించింది బెటాలియన్ కాదు. డెహ్రాడూన్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థ 1983లో సుప్రీంకోర్టుకు లేఖ రాస్తే, 1985లో కోర్టు అనేక గనులను ఆపించింది. డైనమైటు పేలుతూనే ఉంటే ఆ మొక్కలెన్నాళ్ళు బతికేవి?

ఇక మన సంగతి. వంతెన కింది మూసీ పుట్టింది వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల్లో. ఆ చేరువలోనిదే దామగుండం అడవి. 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ అక్కడ నౌకాదళ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. సుమారు 2,900 ఎకరాల అటవీభూమి దానికి కేటాయించారు. సముద్రం లేని చోట నౌకాదళమేమిటని నవ్వుకున్నవారున్నారు. నవ్వవలసింది లేదు, నీటి లోపలి జలాంతర్గాములకు సందేశాలు అందించే కేంద్రమది, తిరునెల్వేలి వైపున్న కట్టబొమ్మన్ కేంద్రం తరువాత దేశంలో రెండవది. దేశానికది అక్కరలేదని నేననను. కాని దామగుండాన్ని కాపాడమని రోడ్డెక్కినవారు ఎవరితో చేతులు కలపాలి? అడవిని అడుగుతున్నవారే మన భాగస్వాములైతే, వద్దనే మాట ఎవరి నోట రావాలి?

మా కుడివైపు ఉస్మానియా ఆసుపత్రి. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో ఆ ఆవరణలోని చింతచెట్టు నూట యాభై మందిని కొమ్మల మీద నిలిపిందని చెప్పుకుంటాం. ఆ వరద తరువాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. అయినా 2025 సెప్టెంబరులో మూసీ నీరు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది. 2020 అక్టోబరు వరదలలో పాతబస్తీ జనాన్ని బయటికి తెచ్చినవారిలో సైనికులూ ఉన్నారు. వారికి చేతులెత్తి మొక్కుతాను. మొక్కలు నాటడానికి పిలిస్తే రేపే పలుగు పట్టుకుని వెళ్తాను. దానికి బదులుగా నోరు మూసుకోమంటేనే కుదరదు.

మిత్రులు ఒప్పుకోలేదు. "మీరు మారరండీ" అన్నారు. సరే, దామగుండం విషయంలో మీరేం చేస్తారని అడిగాను. కాసేపు నీళ్ళ వంక చూసి, పాత ప్లకార్డులు ఇంకా అటక మీదే ఉన్నాయన్నారు.