గడప ముందరి రాయి

క్రిందటి వానాకాలంలో మా అమ్మ వీధిమెట్టు మీద జారిపడి చెయ్యి విరుగగొట్టుకున్నది. తప్పు ఆమెదీ కాదు, వానదీ కాదు, మెట్టుది. ముప్పై ఏళ్ళ క్రితం రాయగడలో ఇల్లు కట్టించేటప్పుడు మా నాన్నగారు దగ్గరి కొండ నుండి చవకగా వచ్చిన గోధుమరంగు రాతితో మెట్లు వేయించారు. "బాబూ, ఈ రాయి నీరు తాగుతాది. గోడకైతే సరే గాని మెట్టుకి పనికిరాదు. నల్లరాయి ఎయ్యండి" అని మేస్త్రి చెప్పనే చెప్పాడట. నాలుగు డబ్బులు మిగులుతాయని నాన్నగారు వినలేదు. ఇప్పుడు ఆ మెట్టు అంచులు పొడిపొడిగా రాలి, నడుమ గుంట పడింది. ఆ యేడే కొన్న నల్లరాతి రుబ్బురోలు మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు.

మెట్రిక్‌తో చదువు ఆపి గుమాస్తాగిరీలో పడినవాణ్ణి. నాకు శాస్త్రం అంతగా తెలియదు. అయినా చేతికి కట్టుతో కూర్చున్న అమ్మ, "కొండరాయి గదరా, మట్టిలా ఎలా రాలిపోయింది?" అని అడిగితే, నాలుగు పుస్తకాలు తిరగవేయక తప్పలేదు. ఆ తెలుసుకున్నదే ఈ నెల మన పాఠకులకు మనవి చేస్తున్నాను.

భూమి పుట్టి సుమారు 450 కోట్ల సంవత్సరాలయింది. అందులో మొదటి 400 కోట్ల ఏళ్ళ కాలానికి, అనగా పదింట తొమ్మిది పాళ్ళకు, ప్రీకేంబ్రియన్ కాలమని పేరు. చెట్టూ చేమా, చేపా పిట్టా ఇంకా లేని రోజులవి. మన కోరాపుట్, రాయగడ కొండల రాళ్ళలో ఎక్కువ భాగం ఆనాటివే.

మా మెట్టు రాయి మొదట రాయే కాదు, బురద. ఏనాటిదో ఒక నీటి అడుగున పేరుకున్న బంకమట్టి. అది భూమి లోపలికి ఇరవై పాతిక కిలోమీటర్ల లోతుకు దిగి, సుమారు వంద కోట్ల సంవత్సరాల నాడు 900 డిగ్రీలకు పైబడిన వేడిలో ఉడికి, కొత్త రాయిగా మారింది. విరిగిన ముక్కను ఎండలో పెట్టి చూడండి. ఎర్రపూసల్లా కనిపించేవి గార్నెట్ గింజలు. తెల్లని సన్నపీచులా మెరిసేది సిల్లిమనైట్. అక్కడక్కడా బూడిదరంగు రేకులుంటే అది గ్రాఫైట్, అంటే మన పిల్లల పెన్సిలులో ఉండే పదార్థమే. ఆ రోజుల్లో మన తూర్పు కనుమలు అంటార్కిటికా నేలతో అంటుకొని ఉండేవట. ఈ జాతి, ఈ వయస్సు రాళ్ళు ఆ మంచు ఖండంలో కూడా ఉన్నాయి.

ఈ రాతి పేరు ఖోండలైట్. 1902లో టి. ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కలహండి రాళ్ళను వర్ణిస్తూ, అక్కడి ఖోండుల పేరే దానికి పెట్టాడు. ఖోండు అన్న మాట 'కొండ' నుండి వచ్చిందని పలువురి అభిప్రాయం. వారి కుయి, కువి భాషలు మన తెలుగుకు దగ్గరి చుట్టాలే. మేస్త్రి చెప్పిన నల్లరాయి మన వైపు ఎక్కువగా చార్నొకైట్ జాతిది. దాని పేరు జాబ్ చార్నాక్ అనే ఇంగ్లీషు వర్తకుడిది; కలకత్తాలో ఆయన సమాధిరాయి ఆ జాతిది కావడమే కారణం. ఒక రాతికి సమాధిలోనివాడి పేరు, ఇంకొక రాతికి ఆ కొండల మీద బ్రతుకుతున్నవారి పేరు!

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా మన ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనిదని పెద్దలకు తెలుసు. సరిహద్దు మారింది గాని రాయి మారలేదు. విశాఖ కైలాసగిరి కూడా ఖోండలైటే.

ఇక అమ్మ ప్రశ్నకు జవాబు. ఈ రాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఆ సందులలో వాననీరు దిగితే, లోపలి ఖనిజాలు కొన్ని మెల్లగా తిరిగి మట్టి అయిపోతాయి. కోణార్క గుడి కట్టినది కూడా ముఖ్యంగా ఈ రాతితోనే. అక్కడి శిల్పాలు అరిగిపోవడానికి సముద్రపు గాలితో పాటు ఈ గుణం కూడా కారణం.

అయితే ఈ లోపమే మన జిల్లాల సంపద అయింది. ఎత్తయిన కొండల నెత్తిన లక్షల సంవత్సరాలు వానలు కురిసి, రాతిలోని ఇసుక పదార్థాన్ని కడిగివేయగా, అల్యూమినియం మిగిలిన మట్టే బాక్సైట్. 1981లో నాల్కో ఏర్పడిన తరువాత పంచపట్మలి కొండ మీద దీనిని త్రవ్వడం మొదలయింది. దమన్‌జోడిలో శుద్ధి చేసిన అల్యూమినా రైలెక్కి విశాఖ రేవుకు పోతున్నది. ఆ పనిమీద ఇల్లు గడుపుకున్నవారు మనలోనూ ఉన్నారు. దానిని కాదనను.

కాని ఆ బాక్సైట్ పొర గుల్లగా ఉండి వాననీటిని పీల్చుకుంటుంది. వేసవిలో కొండవాలున ఊటలు పారడానికి అది ఆధారం. నియమగిరి మీది డొంగ్రియా ఖోండులకు ఇది తరతరాలుగా తెలుసు. ఆ కొండ వారికి నియమరాజు ఉండే చోటు కూడాను. అక్కడి గని సంగతి గ్రామసభలలో తేల్చాలని సుప్రీం కోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు చెప్పింది. ఆ యేడు రాయగడ, కలహండి జిల్లాలలో 12 పల్లెల సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి.

సంతలో వారి దగ్గర పసుపూ అనాసపండ్లూ బేరమాడి కొంటాము గాని, కొండ సంగతి వారిని అడుగుదామని మనకెన్నడైనా తోచిందా? నాకు తోచలేదు. మా నాన్నగారు మేస్త్రి మాట వినలేదు. ఆ ఫలితం అమ్మ చేతి మీద తెలిసింది. రాతితో బ్రతికేవాడికి రాతి గుణం తెలుస్తుంది. మెట్టయినా, కొండయినా, ముందు వాడిని అడగడం మంచిది.

దసరా లోపున ఆ మేస్త్రిగారి అబ్బాయే వచ్చి నల్లరాతి మెట్టు వేసి వెళ్ళాడు. ఎంత చెప్పినా అమ్మ పాత రాయిని పారవేయనివ్వలేదు. ఇప్పుడది పెరట్లో కుండీల క్రింద ఉన్నది. ఇల్లు కట్టే తలంపులో ఉన్నవారెవరైనా మా ఇంటికి వస్తే, రెండు రాళ్ళనూ చూపిస్తాను.