గౌరవ వేతనంలో గౌరవమెక్కడ?

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న ఆరంభమైంది. అర్ధ శతాబ్ది గడిచినా, పసివారికి తొలి పాఠం చెప్పే అంగన్‌వాడీ టీచరుకు దక్కుతున్నది గౌరవ వేతనమే. ఆమె గ్రాట్యుటీకి అర్హురాలని 2022లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అయినా 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు అదే గ్రాట్యుటీ కోసం, వేతన పెంపు కోసం సమ్మెకు దిగవలసి వచ్చింది. 2024 జనవరిలో ప్రభుత్వం వారిపై ఎస్మా ప్రయోగించింది. ఉద్యోగిగా గుర్తింపునకు నోచుకోని ఆమె సేవ సమ్మెనాడు మాత్రం అత్యవసరమైపోయింది!

ఇది వారి గొడవేనని మనం తప్పుకోరాదు. ఉర్దూ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రెండవ అధికార భాష. ఇంట ఉర్దూ మాట్లాడే మూడేళ్ల బిడ్డకు అంగన్‌వాడీలోనూ ఆ పలుకు వినబడాలని మనం కోరుతున్నాం. ఆ అవసరాన్ని రోజూ కళ్లారా చూసేది, అధికారుల ఎదుట చెప్పగలిగేది ఆ టీచరే. తన బతుకుకే భరోసా లేని ఆమె మన బిడ్డల పక్షాన ఎలా గొంతెత్తగలదు?

అందుకే మసీదు కమిటీలు, మహిళా సంఘాలు, తల్లిదండ్రులు ఆమె వెంట నిలవాలని కోరుతున్నాం. ఆమెను ఉపాధ్యాయురాలిగా గుర్తించాలి. శిశువిద్యపై నిర్ణయాలు జరిగేచోట ఆమెకు స్థానం కల్పించాలి. ఉర్దూ మాట్లాడే బస్తీల్లో ఆ భాష తెలిసినవారిని నియమించాలి. ఈ మూడూ కలిపి అడిగితేనే మన బిడ్డల హక్కు నిలుస్తుంది.