ఊలు దురద సాకు కాదు – నూలుతోనూ అల్లిక నేర్పండి

 

మన స్కూల్లో శనివారం క్రాఫ్టు పీరియడులో ఊలు అల్లిక నేర్పుతున్నారు. చాలా మంచి విషయం. కానీ ఊలు పట్టుకుంటే కొందరికి దురద వస్తుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు మీద ఎర్రగా దద్దుర్లు లేస్తాయి. ఆ కొందరిలో నేనూ ఒకదాన్ని. అలాంటి వాళ్ళని పక్కన కూర్చోబెట్టి "నీకు అల్లిక రాదులే" అనటం సరి కాదని నా అభిప్రాయం. వాళ్ళకి ఊలు బదులు నూలు దారం ఇవ్వాలి. ఎందుకో కింద రాస్తున్నాను.

ముందు ఒక మాట. సంక్రాంతి దాటాక మిరపకోతకి పోయొచ్చిన పిల్ల "చేతులు మండుతున్నయ్యి" అంటే అందరం నమ్ముతాం. నూనె తెచ్చి రాస్తాం. ఎవరూ సాకు అనరు. ఎందుకంటే మిరపకాయ మంట మన అందరి చేతులకీ తెలుసు. ఊలు దురద కొందరికే తెలుసు. అందుకని నమ్మరు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది" అని నవ్వుతారు. మద్దెల నిజంగానే ఓడయితే ఆ పిల్ల ఏం చెయ్యాలి?

ఊలు ఎందుకు దురద పెడుతుందో కూడా తెలుసుకుందాం. ఉన్ని అంటే గొర్రె వెంట్రుకే. సన్న వెంట్రుక చర్మానికి తగిలితే వంగిపోతుంది. లావు వెంట్రుక వంగదు. దాని కొస ముల్లులాగా గుచ్చుతుంది. మిల్లీమీటరుని వంద భాగాలు చేస్తే అందులో మూడు భాగాల లావు దాటిన పోగులు ఎక్కువగా గుచ్చుతాయి. చెమట పట్టిన చేతికి ఇంకా ఎక్కువ. డాక్టర్లు చెప్పేది ఏమంటే, చాలామందికి దురద ఈ గుచ్చుడు వల్లే వస్తుంది, అసలైన ఎలర్జీ తక్కువమందికే ఉంటుంది. కొందరికి ఉన్నిలో ఉండే లానొలిన్ అనే జిడ్డు పడదు. కొందరికి అద్దిన రంగు పడదు. కారణం ఏదయినా గోక్కునే చెయ్యి మాత్రం ఒకటే.

ఇంకో సంగతి. కొట్లో ఊలు అని అమ్మేదంతా గొర్రె ఉన్ని కాదు. చాలావాటిలో అక్రిలిక్ అనే కృత్రిమ దారం ఉంటుంది. ఉండకి చుట్టిన చీటీ మీద అది రాసి ఉంటుంది. మన క్రాఫ్టు పెట్టెలో ఉండలకి చీటీలు లేవు. ఏది ఉన్నో, ఏది అక్రిలిక్కో చెప్పలేం. అందువల్ల ఎవరికి ఏది పడదో కూడా తెలుసుకోలేం.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి చూడండి. మన వైపు మందల్లో కనిపించే నెల్లూరు జాతి గొర్రెకి ఒంటి మీద ఉన్నే ఉండదు. పొట్టి వెంట్రుకలు ఉంటాయి, అంతే. రెంటచింతల ఎండల గురించి రేడియోలో మనం వింటూనే ఉంటాం. ఈ ఎండకి గొర్రె కూడా ఉన్ని వద్దనుకుంది! మరి మన నల్లరేగడిలో పండేది ఏమిటి? పత్తి. మన అమ్మానాన్నల్లో చాలామంది తీసేది పత్తే. గుంటూరు, చిలకలూరిపేట వైపు మిల్లుల్లో వడికేది ఆ పత్తినే. ఇంటి ముందు పత్తి పెట్టుకుని, అల్లిక అంటే ఊలే అనుకుంటున్నాం.

"నూలుతో అల్లిక కుదరదు" అని కొందరు అంటున్నారు. మీ నాన్న బనియన్ని సాగదీసి దగ్గరగా చూడండి. వరసలు వరసలుగా చిన్న చిన్న ముడతలు, ఇంగ్లీషు 'వి' అక్షరంలాగా కనపడతాయి. అది నేత కాదు, అల్లికే. మిషను మీద అల్లిన నూలు. తమిళనాడులో తిరుప్పూరు ఊరు పేరు తెచ్చుకుంది ఈ బనియన్లతోనే. ఈజిప్టు దేశంలో పాత మేజోళ్ళు దొరికాయి. ఎనిమిది వందల నుంచి వెయ్యేళ్ళ కిందటివి. అవి కూడా నూలువే, నీలిమందు రంగు వేసినవి. అంటే ప్రపంచంలో దొరికిన పాత అల్లికల్లో నూలు ముందే ఉంది.

అంత దూరం ఎందుకు, మన రాష్ట్రంలోనే నరసాపురం ఆడవాళ్ళు నూలు దారంతో క్రోషా లేసులు అల్లుతారు. అవి విదేశాలకి పోతాయి. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్ళ మీద మారియా మీస్ అనే ఆమె 1982లో ఒక పుస్తకం రాశారు. ఇంట్లో కూర్చుని గంటలు గంటలు అల్లినా దాన్ని పని కింద లెక్కకట్టలేదని, తీరికవేళ సరదా అన్నారని అందులో చూపించారు. ఇది మనం గుర్తు పెట్టుకోవాలి. అల్లిక నేర్చుకోవాలి, కానీ అది కూడా పనే అని, దానికీ విలువ ఉందని తెలిసి నేర్చుకోవాలి.

నూలుతో కష్టాలు లేవని నేను అనటం లేదు. ఊలు సాగుతుంది, నూలు సాగదు. గట్టిగా లాగి అల్లితే వేళ్ళు నొప్పి పుడతాయి. కుట్టు ఎగుడుదిగుడుగా పడితే ఊల్లో దాక్కుంటుంది, నూల్లో బయటపడుతుంది. తడిస్తే బరువెక్కి జారుతుంది, అందుకని కొత్తవాళ్ళు స్వెట్టరు జోలికి పోకూడదు. స్టీలు సూదుల మీద నూలు జర్రున జారి కుట్లు ఊడిపోతాయి. దీనికి వెదురు సూదులు మంచివి. దారాన్ని కాస్త పట్టి ఉంచుతాయి. మేము ఎరుకలోళ్ళం. వెదురు చీల్చి బద్దలు తియ్యటం మా ఇళ్ళల్లో పిల్లలకి కూడా వచ్చు. గాజు కాగితంతో నున్నగా రుద్దితే సూది తయారవుతుంది. మా అమ్మ వెదురు దొరకనప్పుడు ఈత బరికెలతో తట్ట అల్లుతుంది. దాన్ని ఎవరైనా తట్ట కాదంటారా? అల్లిక చేతిలో ఉంటుంది, పుల్లలో ఉండదు.

మొదట ఏం అల్లాలి అంటే, మసిగుడ్డ. లావు నూలు దొరక్కపోతే చీరాల వైపు మగ్గాలకి వాడే సన్న నూలునే కొన్ని పోగులు కలిపి పట్టుకోవచ్చు. ముప్పై కుట్లు ఎక్కించి, అన్నీ ఒకటే రకం కుట్టు వేసుకుంటూ పలకంత చదరం అయ్యేదాకా పోవాలి. రెండు మడతలు వేస్తే వంటమనిషి అక్క వేడి గిన్నె దించుకోవచ్చు. అక్రిలిక్ ఊలుతో అల్లిన గుడ్డ వేడి గిన్నెకి కరిగి అంటుకుంటుంది, చెయ్యి కాలుతుంది. కాబట్టి వంటింటికి నూలే క్షేమం.

ఊలు ఇష్టమైన వాళ్ళు ఊలే అల్లండి. చలికాలం తెల్లవారుజామున స్టడీకి లేచినప్పుడు ఊలు మఫ్లరు హాయిగానే ఉంటుంది. ఒకరి హాయి ఇంకొకరికి శిక్ష కాకూడదు, అంతే నేను అడిగేది.

వార్డెన్ అమ్మగారికి, క్రాఫ్టు టీచరుగారికి నా మనవి:

1. క్రాఫ్టు పెట్టెలో ఊలుతో పాటు నూలు దారం కూడా పెట్టించాలి.
2. కొత్త ఉండలు కొన్నప్పుడు చీటీలు పారెయ్యకుండా నోటుబుక్కులో అంటించాలి.
3. దద్దుర్లు వచ్చిన పిల్లని ముందు నర్సమ్మకి చూపించాలి. ఆయాసం వచ్చినా, ముఖం వాచినా ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.
4. నూలుతో అల్లిన దానికి కూడా ఊలుతో సమానంగా మార్కులు వెయ్యాలి.
5. వెదురు సూదులు మనమే చేసుకోవటానికి ఒక శనివారం ఇవ్వాలి. నేర్పటానికి నేను సిద్ధం.

స్నేహితులారా, మీలో ఎవరికైనా ఊలు పడకపోతే సిగ్గుపడి దాచుకోకండి. ఈ కాగితం పక్కన ఖాళీ వదిలాను. మీ తరగతి, మీకు ఏ దారం కావాలో రాయండి. పేరు రాయకపోయినా ఫరవాలేదు. ఎంతమందిమి ఉన్నామో లెక్క తేలితే అడగటం తేలిక.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని