యంత్రాల కబుర్లు: డొక్కు ఫియటు చుట్టరికం

పిల్లలూ! మీ ఊళ్ళో ఎక్కడైనా కొబ్బరితోట వారగా, పాకలో గోనెపట్టాలు కప్పుకుని పడివున్న పాత ఫియటు కారును చూశారా? “డొక్కు కారు” అని నవ్వేసి ఉంటారు. దాని చుట్టాలెవరో వింటే మళ్ళీ నవ్వరు.

1947 జూన్ నెలలో ఇటలీ దేశంలో మిల్లె మిల్యా అనే మోటారు పందెం జరిగింది. ఆ మాటకు వెయ్యి మైళ్ళు అని అర్థం. అందులో తాజియో నువొలారి అనే ఆయన చిసిటాలియా అనే చిన్న కారు తోలాడు. ఆయనకు అప్పటికే 54 ఏళ్ళు. ఒంట్లో ఆరోగ్యం కూడా సరిగా లేదు. కారుకు పైకప్పు లేదు. అయినా చాలా దూరం అందరికంటే ముందున్నాడు! చివరికి వచ్చేసరికి కుండపోతగా వాన పట్టుకుంది. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే సరంజామా తడిసి, కారు మొరాయించింది. దాన్ని మళ్ళీ కదిలించేలోగా ఒక ఆల్ఫా రోమియో కారు దాటిపోయింది. నువొలారి రెండోవాడుగా చేరాడు. గెలిచిన కారు ఇంజను ఈయన కారు ఇంజనుకు రెండున్నర రెట్లు పెద్దది సుమా!

ఆ చిసిటాలియా ఇంజను ఎక్కడిది? ఫియటు 1100 కారుదే. దానికి పదును పెట్టి పందెంలోకి దింపారు. సిలిండరు వెడల్పు 6.8 సెంటీమీటర్లు, పిస్టను నడిచే దూరం 7.5 సెంటీమీటర్లు, అలాటి సిలిండర్లు నాలుగు. పెద్ద తరగతి పిల్లలు ఘనపరిమాణం లెక్క కట్టి చూడండి, దాదాపు 1089 ఘన సెంటీమీటర్లు వస్తుంది. బొంబాయిలో ప్రీమియర్ కంపెనీవారు 1954 నుంచి మన దేశానికి అందించిన ఫియటు 1100 ఇంజను కొలత కూడా సరిగ్గా ఇదే. 1974లో పేరు పద్మిని అయింది గాని పెట్రోలు ఇంజను కొలత మారలేదు. గోదావరి పాయల మీద వంతెనలు లేని రోజుల్లో పంటు ఎక్కి కోనసీమకు వచ్చిన ఫియటు, పందెం కారుకు దగ్గర చుట్టమన్నమాట.

ఇలాటి కారును బాగుచేయడమంటే కొత్త రంగు కొట్టి మెరిపించడమేనని చాలామంది అనుకుంటారు. నా మటుకు నాకు అది కారుకు వేషం కట్టడం. 1960లో తయారైన బండి 1960లో ఎలా ఉండేదో అలా నిలపాలి. అసలు రంగు ఏదో తెలియాలంటే తలుపు లోపలి అట్ట ఊడదీసి చూడాలి. ఎండ తగలనిచోట మొదటి రంగు దాగి ఉంటుంది. తొలి ఫియట్లలో ముందు తలుపుల మడతబందులు వెనక అంచున ఉండేవి, అందుచేత తలుపు ఇప్పటి కార్లకు తిరగేసినట్టు తెరుచుకునేది. గేరు కర్ర స్టీరింగు దగ్గరే ఉండేది. దాన్ని నేల మీదికి మార్పిస్తే తోలేవాడికి సుఖమే కావచ్చు, కాని పాత కారు సగం పోయినట్టే. ఊడదీసిన ప్రతి మేకునూ, మరనూ చీటీ అంటించిన డబ్బాలో వేసుకోవాలి.

అయితే నువొలారిని ఓడించిన నీళ్ళే కోనసీమలో కారుకు అసలు శత్రువు. ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు కలిస్తే తుప్పు పుడుతుంది. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు దాన్ని మరీ తొందరపెడుతుంది. ఉప్పునీటిలో ఒక మేకు, మంచినీటిలో ఒక మేకు సగం మునిగేలా వేసి చూడండి, తేడా తెలుస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. లారీకి కింద ఇనుపదూలాల చట్రం వేరుగా ఉంటుంది. ఈ ఫియటుకు అలా లేదు, రేకు ఒళ్ళే చట్రం. నేలరేకు, గుమ్మాల కింది రేకు తినేస్తే కారు నడుము విరిగినట్టే. కొందరు చిల్లుల్లో లప్పం కూరి, పైన రంగు కొట్టి అమ్మేస్తారు. చూడ్డానికి బంగారం! గుద్దుకుంటే మాత్రం లోపలి మనుషులను కాపాడే బలం అందులో ఉండదు. తిన్న రేకును కోసేసి, అదే మందం రేకు వెల్డింగు చేయించాలి.

గోనెపట్టా తడిసి కారును అంటిపెట్టుకుంటే ఇంకా చేటు. గాలి ఆడేలా పైకప్పు ఉంటే చాలు. మీరు చేయగల పని కూడా ఒకటుంది. తలుపు అడుగు అంచున నీళ్ళు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. ఆకులూ మట్టీ చేరి పూడుకుపోతాయి. కొబ్బరి ఈనెతో మెల్లిగా పొడిచి చూడండి. ఎర్రటి నీళ్ళు కారితే వెంటనే పెద్దవాళ్ళకు చెప్పండి. రంగు సంగతి తరవాత, ముందు ఆ తలుపు అట్ట ఊడదీయవలసిందే.