మడమ మీద ఒక్క చుక్క

కల్లంలో మిరపకాయలు ఆరబోసి, ఎండెక్కకముందే షుగరు చూసుకుంటుంది మా మేనత్త. మొన్న సత్తెనపల్లిలో ఆమె పక్కనే కూర్చుని చూశాను. వేలికి సూది, స్ట్రిప్పు అంచుకు నెత్తురు బొట్టు, క్షణాల్లో అంకె. ఆ ప్లాస్టిక్ ముక్క మీద కార్బన్ సిరా గీతలు, వాటిపై ఎంజైము పూత ఉంటాయి. ఎంజైము చక్కెర నుంచి ఎలక్ట్రాన్లు లాగితే, ఆ కొద్దిపాటి కరెంటును మీటరు కొలుస్తుంది. 1962లో లేలండ్ క్లార్క్ అనే శాస్త్రవేత్త చూపిన దారి ఇది.

ఎంజైమును మారిస్తే ఇదే పద్ధతిలో అమైనో ఆమ్లాలనూ కొలవవచ్చు. పప్పులో, పాలలో, గుడ్డులో ఉండే ఫినైల్ అలనైన్ అనే అమైనో ఆమ్లం కొందరు పిల్లలకు పుట్టుకతోనే అరగదు. నెత్తుటిలో పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. దీన్ని ఫినైల్‌కీటోన్యూరియా అంటారు. తొలి రోజుల్లోనే పట్టుకుని తిండి మారిస్తే బిడ్డ అందరిలా ఎదుగుతాడు. ఆలస్యమైతే జరిగిన నష్టం పూడదు.

అరుదైన జబ్బే. కానీ తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడ్డ జన్యువు వస్తేనే బయటపడే జబ్బులకు మేనరికం దగ్గరి దారి. మన పల్లెల్లో మేనమామకో మేనబావకో పిల్లనివ్వడం కొత్తా? హైదరాబాదులో పరిశోధకురాలు రాధారమాదేవి బృందం 18,300 మంది పసికందులను పరీక్షించి, ఇలాంటి జీవక్రియ లోపాలు వెయ్యిమందిలో ఒకరికి ఉన్నాయని 2004లోనే ప్రకటించింది. ఆ లెక్క చూశాక కూడా ప్రతి కాన్పు ఆసుపత్రిలో ఈ పరీక్ష తప్పనిసరి కాకపోవడం నాకు మింగుడు పడదు.

ఫినైల్ అలనైన్‌ను కొలిచే చవక స్ట్రిప్పు చేయడం తేలికేం కాదు. డెసిలీటరు నెత్తుటిలో చక్కెర వంద మిల్లీగ్రాములుంటే ఫినైల్ అలనైన్ ఒక్కటే ఉంటుంది. పైగా యూరిక్ ఆమ్లం, విటమిన్ సి కూడా కరెంటు పుట్టించి లెక్క చెడగొడతాయి. కాబట్టి జబ్బు తేల్చడానికి ల్యాబే కావాలి. కానీ జబ్బు తేలిన బిడ్డకు జీవితాంతం కొలుస్తూనే ఉండాలి కదా! తిండి అదుపు తప్పితే ఆ ఒక్కటి ఇరవై దాటగలదు. అంత తేడాను పట్టే స్ట్రిప్పు ఇంట్లో ఉంటే, ఆ తల్లి ప్రతిసారీ గుంటూరు బస్సెక్కనక్కర్లేదు. వైద్య పరికరాలు తయారయ్యే విశాఖ మెడ్‌టెక్ జోన్‌కు ప్రభుత్వం అప్పగించాల్సిన పని ఇది.

పసికందుల పరీక్ష తప్పనిసరి అయ్యేవరకూ ఆగకండి. మీ ఇంట్లో కాన్పు జరిగితే, బిడ్డ పాలు తాగడం మొదలై ఒక రోజు దాటాక, మడమ నెత్తుటితో ఈ పరీక్ష చేయమని డాక్టరుగారిని అడగండి. మేనరికమైతే ఆ పరీక్ష కాకుండా ఇంటికి రావద్దు.