సిటీ బస్సును తగ్గిస్తే ఎవరి కాళ్ళు అరుగుతాయి?

హైదరాబాదులో బస్సు ఆలస్యమైతే కారున్నవాడికి తెలియదు. ఇబ్రహీంపట్నం వైపు నుంచి చీకటితోనే బయల్దేరి నగరంలో నాలుగిళ్ళ అంట్లు తోమే తల్లికి తెలుస్తుంది. ఏడింటికల్లా అడ్డా మీద నిలబడకపోతే ఆ రోజు కూలి పోగొట్టుకునే మనిషికి తెలుస్తుంది. జేబులో బస్ పాస్ తప్ప ఆటోకు డబ్బుల్లేని హాస్టల్ విద్యార్థులం మాకు తెలుస్తుంది. అందుకే కథలూ కవితల మధ్య ఒక పేజీ బస్సు కోసం అడిగి తీసుకున్నాం.

2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె యాభై రోజులకు పైగా సాగింది. అది ముగిసిన కొద్ది వారాలకే నగరంలో దాదాపు వెయ్యి బస్సులను తగ్గించారు. కొన్ని జిల్లాలకు పోయాయి, కొన్ని సరుకుల బండ్లయ్యాయి. ఆ వెంటనే కరోనా వచ్చింది. 2020 మార్చిలో ఆగిన సిటీ బస్సు సెప్టెంబరు చివరికి గానీ రోడ్డెక్కలేదు. తగ్గించిన బస్సుల మాట ఆ గొడవలో అందరూ మరిచిపోయారు. మేము మరిచిపోలేదు.

నష్టాలొస్తున్నాయి కాబట్టి తగ్గించామన్నారు. ఈ లెక్క ఎలా నడుస్తుందో చూడండి. పది నిమిషాలకొకటి వచ్చే బస్సును ఇరవై నిమిషాలకొకటి చేస్తారు. జనం విసిగి షేర్ ఆటో ఎక్కుతారు, వాయిదాల మీద బండి కొంటారు. కలెక్షన్ పడిపోతుంది. అది చూపించి ఇంకో ట్రిప్పు తీసేస్తారు. ముందుగా వేటు పడేది తెల్లవారుజాము ట్రిప్పుల మీద, రాత్రి చివరి బస్సు మీద. చివరి బస్సులో పదిమందే ఉండొచ్చు. కానీ తిరిగి రావడానికి అది ఉందన్న ధైర్యంతోనే వాళ్ళు పొద్దున బస్సెక్కారు. అఫ్జల్‌గంజ్ గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదివే మిత్రుడు, సాయంత్రం కోచింగుకు వెళ్ళే చెల్లెలు ఆ బస్సును నమ్ముకునే ఇంట్లోంచి కదులుతారు. దాన్ని తీసేస్తే రాత్రి టిక్కెట్టుతోపాటు పొద్దుటి టిక్కెట్టూ పోతుంది. ఈ నష్టాన్ని ఏ రిజిస్టరులో రాస్తారు?

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక ఎక్కేవాళ్ళు లేరన్న మాట చెల్లకుండా పోయింది. బస్సు కిటకిటలాడుతుంటే ఆడవాళ్ళ మీద విసుక్కునే మిత్రులు మాలోనూ ఉన్నారు. వాళ్ళతో మేము ఏకీభవించం. అమ్మ కూర్చుని ప్రయాణం చేయడం తప్పు కాదు, రెండో బస్సు లేకపోవడం తప్పు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ కొలమానం ప్రకారం లక్ష జనాభాకు 60 బస్సులుంటే మంచి సేవ. కోటి మంది ఉన్న ఈ నగరంలో అందులో సగం కూడా అటూ ఇటూగానే ఉన్నాయి.

ఫ్లైఓవరు ఎంత సంపాదించిందని ఎవరూ అడగరు. మెట్రో కోసం సుమారు 13 వేల కోట్ల అప్పును నెత్తికెత్తుకోవడానికి 2025 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. మెట్రో వద్దని మేము అనడం లేదు. కానీ డీజిల్ మీద పన్ను కట్టి, బండి మీద పన్ను కట్టి, ప్రభుత్వం ప్రకటించిన రాయితీలన్నీ మోసే బస్సునే రోజూ లాభం చూపించమని ఎందుకు నిలదీస్తారు? 2019లో నగర బస్సుల నష్టాన్ని నగరపాలక సంస్థ భరించాలా, వద్దా అన్న వాదన హైకోర్టు దాకా వెళ్ళింది. ఎవరు భరించాలో వాళ్ళు తేల్చుకోవాలి. అంతదాకా స్టాపులో నిలబడేది మేమా?

2025 మేలో పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద కేంద్రం హైదరాబాదుకు 2,000 విద్యుత్ బస్సులు కేటాయించింది. సంతోషమే. పొగ పీల్చేదీ మేమే కదా! అయితే అవి ఉన్న బస్సులకు అదనంగా వస్తాయా, డీజిల్ బస్సులకు బదులుగా వస్తాయా? బదులుగా అయితే రంగు మారుతుంది, స్టాపులో జనం మారరు. కొత్త బస్సు రోడ్డెక్కకుండా పాత బస్సును డిపో దాటించవద్దని, ఏ రూటులో ట్రిప్పు తీయాలన్నా ముందు ఆ బస్తీవాళ్ళను, ఆ దారిలోని హాస్టళ్ళ విద్యార్థులను పిలిచి అడగాలని, 2019లో తీసేసిన తెల్లవారుజాము, రాత్రి ట్రిప్పులను తిరిగి వేయాలని మేము కోరుతున్నాం.