పట్నంలో ఫ్లాటు అమ్మాలా? ముందు అద్దె లెక్క వేయండి

పిల్లల చదువుల నిమిత్తం విజయవాడలోనో, గుంటూరులోనో, హైదరాబాదు కూకట్‌పల్లిలోనో ఒక ఫ్లాటు కొనడం మన గ్రామీణ కుటుంబాల్లో చాలా కాలంగా ఆనవాయితీగా వస్తున్నది. పంట బాగా పండిన ఏడాది కొంత, బ్యాంకు రుణం కొంత, ఇంటి ఇల్లాలి నగలు కొంత కలిపి ఎందరో రైతులు, వ్యాపారులు ఆ విధంగా పట్నంలో ఒక గూడు ఏర్పరచుకున్నారు. నేడు ఆ పిల్లలు చదువులు ముగించుకొని బెంగుళూరుకో అమెరికాకో వెళ్ళిపోయారు. తల్లిదండ్రులు తిరిగి ఊరు చేరారు. ఫ్లాటు మాత్రం తాళం వేసి ఉన్నది, లేదా ఎవరికో స్వల్పమైన అద్దెకు నడుస్తున్నది. దానిని అమ్మివేసి, ఆ సొమ్ముతో మండల కేంద్రంలో నాలుగు దుకాణాలో రెండు పోర్షన్లో కట్టించి, నెలనెలా అద్దెలు పుచ్చుకొందామన్న ఆలోచన సహజంగానే కలుగుతుంది.

ఈ ఆలోచన తప్పు కాదు. అయితే అమ్మకపు ధర చూసి ముచ్చటపడి, అద్దె లెక్క వేయకుండా అడుగు వేయడం మాత్రం తప్పు. ఈ వ్యాసంలో నేను మీకు చెప్పదలచిన మాట ఇదే.

ఉన్న ఫ్లాటు ఏమి సంపాదిస్తున్నది?

మీ ఫ్లాటు నేడు 45 లక్షలు పలుకుతున్నదనీ, నెలకు 12,000 రూపాయల అద్దె వస్తున్నదనీ అనుకుందాం. ఏడాదికి 1,44,000 రూపాయలు. అందులో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటుందని 12,000, ఇంటిపన్నుకు, సున్నాలకు, మరమ్మతులకు 20,000 తీసివేయండి. మిగిలేది 1,12,000. అంటే పెట్టుబడిపై సుమారు రెండున్నర శాతం. బ్యాంకులో కాలపరిమితి డిపాజిట్టుపై వచ్చే వడ్డీతో పోల్చి చూడండి. ఫ్లాటు ధర పెరుగుతున్నదికదా అంటారు. నిజమే, కాని పెరిగేది ముఖ్యంగా మీ దస్తావేజులో వ్రాసి ఉన్న అవిభాజ్యపు స్థలం విలువ. పైనున్న కట్టడం ఏటేటా పాతబడుతూనే ఉంటుంది. అయిదంతస్తుల భవనంలో మీ వంతుకు వచ్చే స్థలం ఎన్ని గజాలో దస్తావేజు తీసి చూడండి. ఆ అంకె చిన్నదయి, అద్దె కూడా స్వల్పమయితే అమ్మకానికి గట్టి కారణమే ఉన్నది.

అమ్మిన ధర అంతా మీది కాదు

2008–09లో 15 లక్షలకు కొన్న ఫ్లాటును 2025–26లో 45 లక్షలకు అమ్మినట్లయితే లాభం 30 లక్షలు కనిపిస్తుంది. 2024 జూలై 23 నుంచి అమలులోకి వచ్చిన పద్ధతి ప్రకారం దీనిపై పన్ను 12.5 శాతం, అనగా 3,75,000 రూపాయలు. అయితే ఆ తేదీకి ముందు కొన్న ఆస్తి విషయంలో, దేశంలో నివసించే వ్యక్తికి చట్టం మరొక దారి చూపింది. ధరల సూచిక ప్రకారం కొన్న వెలను పెంచుకొని, మిగిలిన లాభంపై 20 శాతం లెక్కించి, రెండింటిలో ఏది తక్కువైతే అది చెల్లించవచ్చు. 2008–09 సూచిక 137, 2025–26 సూచిక 376. ఆ లెక్కన 15 లక్షల వెల సుమారు 41,17,000 అవుతుంది. లాభం 3,83,000కు తగ్గి, పన్ను దాదాపు 76,600 రూపాయలతో సరిపోతుంది. సెస్సు దీనికి అదనం.

ఇక్కడ ఒక విషయం విశేషంగా గమనించాలి. ఈ వెసులుబాటు విదేశాల్లో నివసించేవారికి లేదు. ఫ్లాటు అమెరికాలోని మీ కుమారుని పేర ఉన్నట్లయితే మొదటి లెక్కే వర్తిస్తుంది. పైగా కొనుగోలుదారు పన్ను మినహాయించుకొని మిగతా సొమ్మే చేతికిస్తాడు. బేరం కుదుర్చుకొనే ముందే ఈ సంగతి ఆడిటరుతో మాట్లాడుకోవడం సముచితం. పన్ను నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక, మీరు అమ్మే సంవత్సరంలో ఏది అమలులో ఉన్నదో కూడా ఆయనచేతనే చూపించుకోండి.

నివాసగృహం అమ్మిన లాభంతో మళ్ళీ నివాసగృహమే సమకూర్చుకున్నవారికి పన్ను మినహాయింపు ఉన్నది. అమ్మకానికి ఏడాది ముందు గాని, తరువాత రెండేళ్ళలోగా గాని కొనాలి. కట్టించుకొనేటట్లయితే మూడేళ్ళలోగా పూర్తి చేయాలి. పన్ను రిటర్ను దాఖలు గడువులోగా ఖర్చుకాని లాభాన్ని మూలధన లాభాల ఖాతాలో జమ చేయాలి. ఈ ఖాతాను గ్రామీణ శాఖల్లో తెరవరు. పట్టణ శాఖకు వెళ్ళవలసి ఉంటుంది. కొత్త ఇంటిని మూడేళ్ళలోపు అమ్మితే మినహాయింపు చేజారుతుంది. అన్నింటికన్న ముఖ్యమైనది, ఫ్లాటు అమ్మి దుకాణాలో గోదామో కట్టిస్తే ఈ మినహాయింపు వర్తించదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

మరొక హెచ్చరిక. దస్తావేజులో కొంత, చేతికి కొంత అన్న బేరానికి ఒప్పుకోవద్దు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు గాని అంతకుమించి గాని నగదుగా పుచ్చుకోవడం 2015 జూన్ 1 నుంచి నిషిద్ధం. పుచ్చుకున్న మొత్తానికి సమానమైన జరిమానా పడే ప్రమాదమున్నది.

ఫ్లాటుపై రుణం మిగిలి ఉంటే ముందు అది తీర్చండి. మారే వడ్డీపై వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందుగా తీర్చినందుకు రుసుము వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించింది. రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలనీ, తన వల్ల ఆలస్యమయితే రోజుకు 5,000 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారమివ్వాలనీ 2023 డిసెంబరు 1 నుంచి నిబంధన ఉన్నది. అయితే వ్యాపారులు ఒక సంగతి మరువరాదు. మీ క్యాష్ క్రెడిట్ పరిమితికి ఆ ఫ్లాటే హామీగా ఉన్నదేమో చూసుకోండి. ఉన్నట్లయితే ప్రత్యామ్నాయ హామీ చూపనిదే పత్రాలు బయటికి రావు.

అదే వాన, అదే ఎండ

ఇక కొత్త పెట్టుబడి సంగతి. మండల కేంద్రంలో మీకున్న స్థలంలో 20 లక్షలతో రెండు పోర్షన్ల ఇల్లు కట్టి, ఒక్కొక్కటి 6,000కు ఇచ్చారనుకుందాం. ఏడాదికి అదే 1,44,000. ఖర్చులు తీయకముందు 7.2 శాతం. చూడ ముచ్చటగా ఉన్నది. కాని స్థలం ఊరికే రాలేదు. దాని విలువ 10 లక్షలు కలిపితే అది 4.8 శాతానికి దిగుతుంది. అయినా పట్నపు ఫ్లాటు కన్న మెరుగే. అదే ఇంటిని 20 లక్షల అప్పుతో కడితే, 9 శాతం వడ్డీపై ఇరవై ఏళ్ళకు నెలసరి వాయిదా సుమారు 18,000. వచ్చే అద్దె 12,000. మిగతా 6,000 ఎవరు కట్టాలి? మీ పంటే కట్టాలి. అందుచేత మొదటి అద్దె ఇంటిని అప్పుతో కాక, సొంత సొమ్ముతోనే కట్టాలని నా నిశ్చితాభిప్రాయం.

అద్దెకు ఎవరిని ఉంచాలన్నది అంతకన్న పెద్ద ప్రశ్న. మీ ఆదాయం పంట మీద ఆధారపడినది. మీ దుకాణంలో ఎరువుల వ్యాపారి దిగితే అతని రాబడీ ఆ పంట మీదనే ఆధారపడుతుంది. వాన ముఖం చాటేసిన ఏడాది మీ పొలం ఎండుతుంది, అతని బాకీలు వసూలు కావు, మీ అద్దె ఆగుతుంది. మూడు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. అద్దె ఆదాయం మీకు రెండవ కాలు కావాలంటే అది వేరే నేల మీద నిలవాలి. ఉపాధ్యాయులు, ఆసుపత్రి సిబ్బంది, బ్యాంకు ఉద్యోగులు వంటి నెలజీతగాళ్ళకు పనికివచ్చే నివాస పోర్షన్లను నేను ముందుగా సిఫారసు చేయడానికి కారణమిదే. దుకాణాల గురించి ఆలోచన ఆ తరువాత.

నేను శాఖలో పనిచేసిన రోజుల్లో ఒక ఎరువుల డీలరు పట్నంలోని ఇల్లు అమ్మి దుకాణాల వరుస కట్టడానికి పూనుకున్నారు. గోడలు లేచేసరికి సొమ్ము చాలలేదు. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్న సామెత ఊరికే పుట్టలేదు. సరుకు కోసం ఇచ్చిన క్యాష్ క్రెడిట్ సొమ్ము కొంత ఇటుకల్లోకి, సిమెంటులోకి పోయింది. ఖరీఫ్ వచ్చేసరికి సరుకు ఎత్తడానికి చేతిలో పైకం లేదు. ఏళ్ళుగా తన వద్ద కొంటున్న రైతులు పక్క కొట్టుకు వెళ్ళిపోయారు. కట్టిన దుకాణాలకు అద్దెదారులు దొరకక ముందే ఉన్న వ్యాపారం చిక్కిపోయింది. మంచి వ్యాపారి, మాట తప్పని మనిషి. ఆయన చేసిన పొరపాటు ఒక్కటే: తిరిగే సొమ్మును కదలని గోడలో పెట్టారు. పంట రుణానికైనా, క్యాష్ క్రెడిట్‌కైనా ఈ సూత్రం ఒకటే. వాటిని కట్టడాలకు మళ్ళించకండి.

అద్దె కూడా వ్యాపారమే

అద్దె ఇల్లు పాడిగేదె వంటిది. పాలిస్తుంది, కాని మేత వేయాలి, కనిపెట్టి ఉండాలి. ఒప్పందం కాగితం మీద ఉండాలి. ఏడాదికి మించిన కౌలు ఒప్పందానికి రిజిస్ట్రేషను తప్పనిసరి. పోర్షనుకొక కరెంటు మీటరు పెట్టించండి. సగం తగవులు అక్కడే తీరుతాయి. అద్దెను బ్యాంకు ఖాతాలోనే జమ చేయించుకోండి. రేపు రుణం కోరినప్పుడు ఆ పాసుపుస్తకమే మీ సాక్ష్యం. అద్దెదారు ఇచ్చిన అడ్వాన్సు మీ ఆదాయం కాదు, తిరిగి ఇవ్వవలసిన అప్పు. దానిని విడిగా ఉంచండి. వసూలైన అద్దెలో కొంత మరమ్మతులకూ, ఖాళీ నెలలకూ నెలనెలా పక్కన పెట్టండి.

పాఠక మిత్రులారా! ఫ్లాటు అమ్మే ముందు ఒక తెల్లకాగితం తీసుకొని ఆరు అంకెలు వ్రాయండి: నేటి అద్దె, అమ్మకపు ధర, తీర్చవలసిన రుణం, చెల్లించవలసిన పన్ను, కొత్త కట్టడపు ఖర్చు, దానిపై నికరంగా రాగల అద్దె. చివరి అంకె మొదటి అంకె కన్న గణనీయంగా పెద్దదయితే నిశ్చింతగా అమ్మండి. కాకుంటే తాళం వేసిన ఇంటికి అద్దెదారును వెదకడమే ఈ ఏటికి మీరు చేయవలసిన పని. ఆ ఫ్లాటులో మీ కొన్ని పంటల కష్టం, మీ ఇల్లాలి నగలు ఉన్నవన్న సంగతి గుర్తుంచుకొని, ఆ కాగితాన్ని ఆమెతో కలిసి కూర్చొని వ్రాయండి.